స్కూలుకొక్కరు చొప్పున

హన్మకొండలోని ఒక ప్రైవేటు హైస్కూల్లో పద్మలత కంప్యూటర్ టీచరు. పదకొండేళ్ల సర్వీసు. ఆరు నుంచి పదో తరగతి దాకా కంప్యూటర్ పాఠాలు చెప్పాలని మాత్రమే ఆమె నియామక పత్రంలో ఉంది. కాలక్రమేణా ఆమె అధికార పరిధి విస్తరించి, ప్లగ్గు ఉన్న ప్రతి వస్తువూ ఆమె శాఖ కిందికి వచ్చింది. ప్రింటరు, సీసీ కెమెరాలు, వార్షికోత్సవం ఫ్లెక్సీ, స్టాఫ్‌రూములో అందరి పాస్‌వర్డులు. ఒకసారి బడి ఆయమ్మ మిక్సీ తెచ్చి ఇచ్చింది. పద్మలత చూసింది, బాగయింది. చూడకుండా ఉండాల్సింది.

ఇంతటి ప్రతిష్ఠ గల మనిషికి ఒక రహస్యం ఉంది. ఎనిమిదో తరగతికి పైథాన్ అనే కంప్యూటర్ భాష చెప్పేటప్పుడు, ఒకటి నుంచి పది వరకు లెక్కపెట్టమని రాసిస్తే కంప్యూటర్ తొమ్మిది దగ్గరే ఆగుతుంది. పది కావాలంటే పదకొండని రాయాలి. "ఎందుకు మేడమ్?" అని సింధు అనే పిల్ల అడిగింది. "అది రూలు. రాసుకో" అంది పద్మలత గంభీరంగా. సింధు రాసుకుంది. రాసుకుంటూ చూసిన చూపు మాత్రం పద్మలతతో పాటు బస్సెక్కి ఇంటిదాకా వచ్చింది.

ఇంటర్నెట్‌లో వెతికితే జవాబు దొరికింది. ఆ జవాబు అర్థం కావడానికి ఇంకో జవాబు కావలసి వచ్చింది. అడుగుదామంటే మనిషి లేడు. తెలుగు పండితులకు సంఘం ఉంది, సంఘానికి క్యాలెండరు కూడా ఉంది. లెక్కల వాళ్లు స్టాఫ్‌రూములోనే నలుగురు. కంప్యూటర్ టీచరు మాత్రం స్కూలుకొక్కరే.

అందుకని ఓరుగల్లు కంప్యూటర్ ఉపాధ్యాయుల వేదిక పుట్టింది. వాట్సాప్ గ్రూపులో అరవై నాలుగు మంది చేరి, పొద్దున్నే గులాబీలు పంపుకుంటూ వృత్తి ప్రమాణాలను పెంచసాగారు. ప్రతి రెండో శనివారం సెలవు గనుక ఆ రోజు ల్యాబు వాడుకోవడానికి ప్రిన్సిపాల్ సారంగపాణి ఒప్పుకున్నాడు.

మొదటి సమావేశానికి పదకొండు మంది వచ్చారు. "ఎవరికన్నా డౌట్లు ఉన్నయా?" అని పద్మలత అడిగింది.

"మనకేం డౌట్లమ్మా! డౌట్లన్నీ పిల్లలకే" అన్నాడు పరకాల నుంచి వచ్చిన కుమారస్వామి. అందరిలోకీ సీనియర్. మిగతావాళ్లు తలలూపారు. ఎవరి బడిలో వాళ్లే సర్వజ్ఞులు. తెలియదనే మాట నోట్లోంచి వచ్చి ఏళ్లు గడిచాయి. అందరూ సమోసాలు తిని, తమకు అంతా తెలిసిన విషయాన్ని పరస్పరం ధ్రువీకరించుకుని వెళ్లిపోయారు. ఆ ఒక్క ప్రశ్న కోసమే సభ పెట్టిన పద్మలత కూడా నోరు తెరవలేదు.

రెండో సమావేశానికి నలుగురు. సమోసాలు మిగిలాయి.

"ఈసారే ఆఖరు మేడమ్" అన్నాడు సారంగపాణి. "గదే నలుగురైతే వచ్చే నెల నుంచి ల్యాబు అబాకస్ క్లాసులోళ్లకు ఇస్త. ఖాళీ కుర్చీలకు ఏసీ ఎందుకు?"

ల్యాబు పోతే వేదిక పోతుంది. వేదిక పోతే మళ్లీ తనొక్కతే, తనూ, ప్రింటరూ. ఆ రాత్రి పద్మలత గ్రూపులో రాసింది: "మూడేళ్ల సంది ఈ పాఠం చెప్తాన. లెక్క పది దాకా పోకుండ తొమ్మిది కాడ ఎందుకు ఆగుతదో నాకు తెల్వదు. తెలిసినోళ్లు శనివారం వచ్చి చెప్పున్రి. తెల్వనోళ్లు కూడా రండి, ఒక్కదాన్నే కూసుంటే బాగుండది."

అరవై నాలుగు మందీ చదివారు. ఒక్కరూ బదులివ్వలేదు. మర్నాడు గులాబీలు కూడా రాలేదు.

శనివారం పదింటికి ల్యాబులో పద్మలత తప్ప ఎవరూ లేరు. పదీ ఇరవైకి ములుగు నుంచి ఇమాం పాషా వచ్చాడు. అక్కడి సర్కారు బడిలో పనిచేస్తాడు.

"అక్కా, నీ మెసేజ్ చూసి నవ్వొచ్చింది. మా బడి అన్నం బంతులే యాదికొచ్చినయ్."

"అన్నానికీ దీనికీ ఏం సంబంధం తమ్మీ?"

"పిల్లలకు నంబర్లిచ్చినం. మొదటి బంతి ఒకటి నుంచి పది, రెండోది పది నుంచి ఇరవై అని రాసిన. పదో నంబరు పిల్ల రెండు బంతులల్ల కూసోని రెండు గుడ్లు తిన్నది. తప్పు దానిది కాదు, నాది. కంప్యూటర్ గట్ల గుడ్లు పోగొట్టుకోదక్కా. ఆఖర్న చెప్పిన నంబరు రాకముందే బంతి ఆపేస్తది. ఆ నంబరు తర్వాతి బంతిది."

పద్మలత పగలబడి నవ్వింది.

"జర మళ్లొక్కసారి చెప్పు పాషా" అని గుమ్మంలోంచి వినిపించింది. కుమారస్వామి. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో. "నేనైతే మిషిన్ గట్లనే ఉంటదని చెప్తాన ఇన్నేండ్ల సంది."

పదకొండు కల్లా తొమ్మిది మందయ్యారు. లోపలికొచ్చిన ప్రతివాళ్లూ తమకు తెలియనిది ఒకటి బోర్డు మీద రాశాకే కూర్చోవాలని పద్మలత అప్పటికప్పుడు రాజ్యాంగం రచించింది. కుమారస్వామి మూడు రాసి, సీనియారిటీ నిలబెట్టుకున్నాడు.

ఒంటిగంటకు సారంగపాణి తలుపు తీశాడు. బోర్డు పై నుంచి కింది దాకా చదివాడు. ముఖం పాలిపోయింది.

"ఇవన్నీ మీకు తెల్వదా మేడమ్?"

పద్మలత పదకొండేళ్ల పరువు బోర్డు మీదే ఉంది. "తెల్వకుండె సార్. పొద్దుగాల పదకొండు. జవాబు దొరికి కొట్టేసినయి పోను ఇప్పుడు నాలుగే ఉన్నయి."

సారంగపాణి కొట్టేసినవి లెక్కపెట్టాడు. ఏడు. గొంతు సవరించుకున్నాడు. "బాగనే ఉన్నది గానీ, అబాకస్ వాళ్లకు మాటిచ్చిన..."

"ఫికర్ చెయ్యకున్రి సార్" అన్నాడు కుమారస్వామి. "వేదికోళ్లందరు మా పరకాలకు వస్తరు. మా స్కూలు కరస్పాండెంటు పేపర్ల ఫొటో ఏపిస్తడు."

పరకాల పేరు వినగానే సారంగపాణి ఛాతీ కొంచెం ముందుకొచ్చింది. "పరకాలెందుకు? అబాకస్ పూసలకు కరెంటుతోని పనేంది, వరండాల కూసుంటరు. ల్యాబు మీదే." తలుపు దాకా వెళ్లి ఆగాడు. "ఫొటోల స్కూలు పేరు కనవడాలె."

ఆయన వెళ్లాక ఇమాం పాషా గోడ గడియారం చూశాడు. ఒంటిగంటన్నర బస్సు దొరికేలా లేదు.

"మూడింటికి ఇంకోటున్నదక్కా" అంటూ కుర్చీ బోర్డు దగ్గరికి లాక్కున్నాడు. "ఆ ఎనిమిదో డౌటు ఎవరిది?"