మామ వేర్ల పొడి

ఇయ్యాల బొగ్గుబాయి పనికి సెలవుంటే, చెప్పకుంట లక్సెట్టిపేటల మా మేనమామ ఇంటికి పోయిన. నిజాం జమాన సంది ఆయన వేర్ల మందు ఇస్తుండు. బొగ్గుబాయిల వంగి వంగి వాచిన నా మోకాళ్లకు ఏడాది సంది గా పొడే తింటున్న, రోజూ పరగడుపున. వాపు దిగింది గని కడుపుల ఒకటే మంట.

పెరట్ల మామ రోట్ల వేర్లు దంచుతుండు. పక్కన ఆస్పిరిన్ గోలీల డబ్బ. నేను చూస్తుండంగనే పిడికెడు గోలీలు తీసి రోట్ల పోసిండు.

"గిదేంది మామా?"

"వాపు, నొప్పి దించేది గియ్యే. వేర్లు ఉత్త వాసనకు," అన్నడు, దంచుడు ఆపకుంటనే.

గా గోలీలు ఖాళీ కడుపున ఏస్తే కడుపుల పుండు పడ్తదని మా దవాఖాన డాక్టర్ అందరికీ చెప్తడు.

"మరి నన్ను పరగడుపున తినమంటివి గదనే?"

"అన్నం తిన్నంక తినమంటే వేర్ల మందని ఎవలు నమ్ముతరు అల్లుడా?"

సొంత అక్క కొడుకు కడుపు కంటె ఆయనకు మందు పేరే ఎక్కువైంది. ఇంటికి పోదమని లేసిన. నా జేబుల కొత్త పొట్లం పెట్టిండు. వద్దనలే.

ఇప్పుడు ఇంట్ల మోకాళ్లు సలుపుతున్నయి. అన్నం తిని, పొట్లం ముందట పెట్టుకొని కూసున్న. పారేయబుద్ధి అయితలేదు, ఏస్కోబుద్ధి అయితలేదు. మీరైతే ఏం చేస్తురు?