చింతపండుతో తోమిన తల్వారు

కొత్తగ కొలువుల చేరిన ఆ రోజులు తలచుకుంటే, అప్పుడు నేనెంత తక్కువ మాట్లాడిన్నో అదే ముందు యాదికొస్తది. ఎల్లారెడ్డిల ఒక ఆఫీసుల కంప్యూటర్ ముందట కూసునే పని. సాయంత్రం తాళం పడ్డంక తెల్లారి పదింటిదాక నాతోని మాట్లాడేటోళ్లు ఇద్దరే: ‘పార్సలా?’ అని అడిగే హోటలాయన, రీచార్జ్ చేయించుకొమ్మని ఫోన్ల చెప్పే ఆడగొంతు (ఆమె మాట మధ్యల కట్ చెయ్యబుద్ధి కాక ఆఖరిదాక వినేటోన్ని).

నేను కిరాయికున్న ఇంటాయన లైన్‌మన్‌గ చేసి రిటైరైనోడు. ఊరంత లైన్‌మన్ బాపు అనేది. ఆయనా ఒక్కడే, ఆయనకూ మాటలు తక్కువ. దసరా నెల రోజులున్నదనంగ ఒకనాడు వాకిట్ల పాత తల్వారు కత్తి ముందటేసుకొని కూసున్నడు. వాళ్ల తాత దొర గడీకి కావలి ఉన్నప్పటిదట. నిండ తుప్పు, అంచుకు వేలు పట్టేంత తునక పోయింది. “ఈ తునక లడాయిల పోయిందంటరు. ఈ తుప్పుతోని పూజల పెట్టాల్నంటే సిగ్గయితది” అన్నడు. అన్ని రోజులల్ల ఆయన నోట నేను విన్న అతి పెద్ద ముచ్చట అదే. యాడ ఆగిపోతదోనని భయమై, “నాకియ్యి బాపు, బాగ చేస్త. నాకు ఆ పని వస్తది” అన్న. (అప్పటిదాక నాకొచ్చిన మరమ్మతు, చెప్పు తెగితే పిన్నీసు పెట్టుడు.)

ఫోన్ల నాలుగు వీడియోలు చూసి, అర్థం కానివి వదిలేసి, మా అమ్మ ఇత్తడి చెంబులు తోమినట్టు చింతపండు పట్టించి ఆదివారమంత ఉంచిన. తుప్పు కొంత పోయింది గని నల్లటి మచ్చలు లేచినయి. గరుకు కాగితంతోని రుద్దితే గీతలు పడ్డయి. వాకిట్ల నుంచి బాపు “ఎట్లైతుందిరా?” అంటే, తలుపు సందుల నుంచి “అయితుంది బాపు” అన్న. ఆయన దినాం అడుగుడు మొదలుపెట్టిండు. అడిగినందుకు సంతోషం, చూపియ్యాల్నంటే భయం.

మల్ల ఆదివారం, సాన పట్టేటోళ్లుంటరని, దాన్ని దుప్పట్ల చుట్టి కామారెడ్డి బస్సెక్కిన. పక్కనామె “ఏంది గది?” అన్నది. అబద్ధం తట్టక “తల్వారు” అన్న. ఆమె లేచింది. ఆమె పక్కనాయనా లేచిండు. నిలబడనీకి జాగ లేని బస్సుల, ముగ్గురు కూసునే సీటు మీద కామారెడ్డిదాక నేనొక్కన్నే పోయిన.

మార్కెట్ల కొడవండ్లకు సాన పట్టే అవ్వ దుప్పటి విప్పి చూసి, “నిమ్మకాయనా, చింతపండా?” అన్నది.

“చింతపండు అవ్వా.”

“ఉప్పు గూడ ఏసుంటే చారయితుండె.”

ఆమె నవ్వలే. నూనె, మెత్తటి ఇటుకపొడి, గుడ్డపేలిక చేతికిచ్చి, నన్నే కూసోపెట్టి రుద్దిపిచ్చింది. తునక పోయినకాడ వెల్డింగ్ చేయిద్దామంటే, “కాకకు ఉక్కు పాడైతది కొడుకా. ఉన్నదాన్ని ఉండనియ్యి” అన్నది. మధ్యాహ్నం తన జొన్నరొట్టెల సగం తుంచి ఇచ్చింది. నిజానికి అది ఒక్కనాటి పని. నేనే మెల్లగ రుద్ది మూడు ఆదివారాలు చేసిన.

దసరా ముందటి రోజు తల్వారు బాపు చేతుల పెట్టిన. నల్లమచ్చలు కొన్ని పోలే. “ఖరాబు చేసింది నేనే బాపు. నాకు ఈ పని రాదు” అన్న. ఇల్లు ఖాళీ చెయ్యమంటడని బట్టలు గూడ సదురుకొని పెట్టుకున్న. ఆయన ఆ పోయిన తునకకాడ బొటనవేలు పెట్టి చూసిండు.

“గిది లడాయిల పోయింది కాదు పిలగా. నాకు పదేండ్లున్నప్పుడు నేనే దీన్ని బండ మీద కొట్టి చూసి, మల్ల పెట్టెల పెట్టిన. మా నాయిన ఓనాడు పెట్టె తెరిచి ఇది చూసి, లడాయిల పోయిందని ఊరంత చెప్పుకున్నడు. ఆయన సంబురం చూసి నేను చెప్పలే.”

“మల్ల ఎవ్వరికీ చెప్పలేదా?”

“ఎవరడిగిండ్రు?”

తెల్లారి పూజ చేసి ఇద్దరం కలిసి తిన్నం. ఆయన వండిన పప్పుల ఉప్పు లేదు. ఆయన చెప్పలే, నేనూ చెప్పలే.

ఇప్పుడు కామారెడ్డిల ఉంటున్న, ఇంటినిండ మనుషులు. అయినా ఒక్కోసారి ఆ పిలగాడు, అప్పటి నేనే, యాదికొస్తడు. ఎవరన్న నాలుగు మాటలు మాట్లాడుతరంటే, ఆనాడు విమానమిచ్చినా బాగ చేస్తననేటోడు. వాన్ని తిట్టబుద్ధి కాదు. ఎదురైతే ముందుగాల, తిన్నవా అని అడుగుత.