చపాతీ ముద్దలో చింతగింజ

రెబెక్కమ్మకు ఇంగ్లీషులో వచ్చినవి అయిదు మాటలు. వాటర్, రైస్, నో, ఫినిష్, థాంక్యూ. న్యూజీలాండ్ నుంచి వచ్చిన డాక్టర్ల కుటుంబానికి ఆ అయిదు మాటలతోనే ఇరవై రోజులుగా మూడు పూటలా వండి పెడుతోంది. అల్లూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే పట్టపుపాలెం అనే జాలరిపల్లెలో, చర్చి పక్కనున్న రెండు గదుల్లో వాళ్ళ బస. ముందు వరండాలో ఉచిత వైద్యం. భార్య మార్గరెట్ ఒంటి జబ్బులు చూస్తుంది. భర్త పీటర్ పళ్ళు పీకుతాడు. పన్నెండేళ్ళ కూతురు మాత్రలు కవర్లలో వేసి ఇస్తుంది. పాలెం వాళ్ళ నోట్లో పడి వాళ్ళు మార్గరేటమ్మ, పీటరయ్య అయిపోయారు.

శనివారం పొద్దున పది గంటలకు వాళ్ళ ప్రయాణం. రోగుల్ని చూడడం గురువారంతో సరి. అందుకని ఆ రోజు చుట్టుపక్కల పల్లెలన్నీ వచ్చి వరండా ముందే కూర్చున్నాయి. రోగులు చెప్పింది డాక్టరమ్మకు ఇంగ్లీషులో, డాక్టరమ్మ చెప్పింది రోగులకు తెలుగులో మార్చి చెప్పే పని సుశీల్ కుమార్ సారుది. హైస్కూలు టీచరు. నలభై ఏళ్ళుంటాయి. మంచివాడే, కాకపోతే తన ఇంగ్లీషంటే ఆయనకు కాస్త మురిపెం.

మధ్యాహ్నం దాటాక నాగులమ్మ వంటింట్లోకి వచ్చి చేపల బుట్ట గోడకు ఆనించి కూలబడింది. ఆమె మొగుడు ముత్యాలయ్యకు సొంత పడవ ఉంది. ఆయన తెచ్చిన చేపలు ఆమె అల్లూరు తీసుకుపోయి అమ్ముతుంది.

"అక్కా, రవంత నీళ్ళియ్యి. నా గుండె బో బాగుండాదంట!"

"ఏమని చెప్పినావు మే సారుకు?" చింతపండు పిసుకుతూ అడిగింది రెబెక్కమ్మ.

"గుండెకాడ గట్టిగా ఉండాది సార్ అన్నా. నీది గట్టి గుండేలేమ్మా అని నవ్వినాడు. ఆయమ్మ గొట్టం పెట్టి చూసింది, చెయ్యికి పట్టీ కట్టి చూసింది. ఏం లేదనింది. ఇంక ఆ గడ్డ కూడా అదే పోతాదిలే."

రెబెక్కమ్మ చెయ్యి ఆగింది. "ఏ గడ్డ?"

నాగులమ్మ గుమ్మం వైపు ఒకసారి చూసి, పైట మీద ఎడమ పక్కన రెండు వేళ్ళు ఆనించింది. "నొప్పేం లేదక్కా. ఉగాది ముందర నుంచీ ఉండాది."

ఆ తీరాన ఆడవాళ్ళు మగవాళ్ళ ముందు రొమ్ము అనరు. గుండె అంటారు. వినేది ఆడదైతే ఏ గుండెనో తెలిసిపోతుంది. సుశీల్ కుమార్ విన్నది విన్నట్టు హార్ట్ అని చెప్పాడు. ఆయన తప్పు చేసినట్టూ కాదు, చేయనట్టూ కాదు.

"నేను పోయి చెప్తానుండు," అని రెబెక్కమ్మ లేచింది.

"నా మీద ఒట్టే! ఆ సారు చెవిన వేసినావంటే నీ మొహం చూడను. ఆయన కాడ నా కొడుకు చదువుకుంటా ఉండాడు." నాగులమ్మ నీళ్ళు కూడా సగమే తాగి బుట్ట ఎత్తుకొని పోయింది.

సాయంత్రం సుశీల్ కుమార్ ఇంటికి వెళ్ళాక రెబెక్కమ్మ డాక్టరమ్మ దగ్గరికి పోయింది. ఆమె అట్టపెట్టెల్లో మందులు సర్దుతోంది. రెబెక్కమ్మ తన ఎడమ పక్క చెయ్యి పెట్టి చూపించి, "నాగులమ్మ," అంది. మార్గరెట్ కంగారుగా ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి గొట్టం పెట్టింది. వీపు మీద పెట్టి గాలి పీల్చమన్నట్టు తనే పీల్చి చూపించింది. పీటరయ్య వచ్చి నాడి పట్టుకున్నాడు. కూతురు పరిగెత్తి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. వంటమనిషికి గుండెపోటు వచ్చిందని ముగ్గురూ నిశ్చయించుకున్నారు.

"నో, నో," అంటూ రెబెక్కమ్మ వాళ్ళను విడిపించుకొని వంటింట్లోకి వచ్చేసింది.

రాత్రి చపాతీలకని కలిపిన పిండి పళ్ళెం కింద ఉంది. నానిందీ లేనిదీ చూద్దామని అలవాటు కొద్దీ వేలితో నొక్కింది. నొక్కి, అలాగే నిలబడింది. తర్వాత గుప్పెడు ముద్ద తీసి, మధ్యాహ్నం చింతపండులో ఏరేసిన గింజ ఒకటి దాని లోపల పెట్టి, పైన నున్నగా చేసి డాక్టరమ్మ చేతిలో పెట్టింది. ఆమె వేళ్ళు పట్టుకొని తనే ఒత్తించింది.

మార్గరెట్ మొదట నవ్వింది. వేళ్ళకు గింజ తగిలింది. ముద్దను రెబెక్కమ్మ తన ఎడమ రొమ్ముకు ఆనించి చూపించేసరికి ఆ నవ్వు పోయింది.

"యూ?"

"నో. నాగులమ్మ."

శుక్రవారం పొద్దున, డాక్టరమ్మకు ఎండు నెత్తళ్ళ చేపలు కావాలంట అని రెబెక్కమ్మ కబురు పంపింది. నాగులమ్మ కిలో కట్టుకొని వచ్చింది. వంటింటి తలుపు గడియ పడింది. డాక్టరమ్మ చాలాసేపు చూసింది. చంక కింద కూడా తడిమి చూసింది. తర్వాత సుశీల్ కుమార్‌ను పిలిపించి తలుపు బయటే నిలబెట్టారు. ఆయన తలుపుకు వీపు పెట్టి, కొబ్బరి చెట్ల వైపు చూస్తూ లోపలి ఇంగ్లీషును తెలుగు చేశాడు.

"ఇది ఇక్కడ తేలేది కాదంటున్నారు. సూదితో పరీక్ష చెయ్యాలంట. నెల్లూరులో పెద్దాసుపత్రికి ఉత్తరం రాసిస్తారంట. ఒక్క వారం కూడా ఆలస్యం చెయ్యొద్దంటున్నారు." చివర తన మాటగా ఇంకొకటి కలిపాడు. "నాతో సరిగ్గా చెప్పుంటే నేను చెప్పనా అమ్మా?"

"నీతో ఎట్ట చెప్పేది సార్?" అంది రెబెక్కమ్మ లోపల్నుంచి.

నాగులమ్మ రవిక గుండీలు పెట్టుకుంటూ రెబెక్కమ్మ మీద విరుచుకుపడింది. "నెత్తళ్ళని పిలిచి నా పరువు తీస్తివి గదక్కా! పొద్దుగూకేలోగా పాలెమంతా చెప్పుకుంటారు. నేను నెల్లూరు పొయ్యేది లేదు, చూపించేది లేదు. నీకేం పుట్టింది మధ్యలో?"

"మా ఏంజెలిన్ కూడా గుండె అనే అనింది మే." రెబెక్కమ్మ నెత్తళ్ళ పొట్లం విప్పి డబ్బాలో పోస్తోంది. "నా చెల్లెలు. ఏడాది పాటు గ్యాసు బిళ్ళలు మింగింది, గడ్డ ముదిరి పోయింది. నాకు అనుమానమే. యాడ నొప్పని అడగలా. నోరు రాలా."

నాగులమ్మ పైట సర్దుకొని లేచింది. ఉత్తరం ముట్టుకోకుండానే వెళ్ళిపోయింది.

శనివారం తొమ్మిదిన్నరకు వ్యాను వచ్చింది. పాలెం సగం వ్యాను చుట్టే ఉంది. వేటకు పోయిన పడవలు అప్పుడే ఒడ్డుకు చేరాయి. ముత్యాలయ్య తడి లుంగీతోనే వచ్చాడు. పెళ్ళాం గురించి ఏదో విన్నాడు, ఏమిటన్నది ఎవరూ చెప్పలేదు.

"ఏం జబ్బంట సార్, మా ఇంట్లో దానికి?"

సుశీల్ కుమార్ చేతిలోని ఉత్తరం వైపు చూశాడు, చెప్పుల వైపు చూశాడు. నాగులమ్మ జనం వెనక గోడ వైపు తిరిగి నిలబడి ఉంది.

"రొమ్ములో గడ్డ అబ్బయ్యా," అంది రెబెక్కమ్మ. అందరికీ వినపడింది. మగవాళ్ళు ఇసుకలోకి చూశారు.

ముత్యాలయ్య పెళ్ళాం వైపు తిరిగాడు. "ఎప్పట్నుంచి?"

"ఉగాది ముందర్నుంచి."

"నాతో చెప్పలేదే?"

"నువ్వు అడిగినావా?"

"నాకు తెలియలా..." అన్నాడతను. "నీకే తెలియకపోతే ఇంకెవురికి తెలుస్తాదిరా!" అని ఒక ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ముత్యాలయ్య ఆమె వైపు చూడలేదు. చేతిలోని తాడు పక్కవాడికి ఇచ్చేశాడు. "బండిలో చోటుండాదా?" అని అడిగాడు.

చోటు లేదు. పీటరయ్య రెండు అట్టపెట్టెలు దించి చర్చి అరుగు మీద పెట్టేశాడు. ముత్యాలయ్య చొక్కా వేసుకొచ్చి డ్రైవరు పక్కన ఎక్కాడు. నాగులమ్మ ఎక్కి, లోపల నుంచి రెబెక్కమ్మ చెయ్యి లాగింది. "నన్ను ఇరికించి నువ్వు ఇంట్లో కూర్చుంటావా? ఎక్కు."

నెల్లూరులో డాక్టరమ్మ వాళ్ళను ఆసుపత్రిలో దించి, అక్కడి డాక్టరుతో పావుగంట మాట్లాడింది. వాళ్ళకు రైలు టైమైపోతోంది. రెబెక్కమ్మ "థాంక్యూ" అంది. మార్గరెట్ ఏదో పొడుగ్గా చెప్పింది. తెలుగు చెయ్యడానికి ఎవరూ లేరు. వ్యాను వెళ్ళిపోయింది.

పరీక్ష ఫలితం పది రోజులకు వచ్చింది. మంచి గడ్డ కాదు. చిన్నగా ఉండగానే దొరికింది కాబట్టి తీసేస్తే సరిపోవచ్చునన్నారు. తీసేశారు. ఆపరేషనైన మూడో రోజు నాగులమ్మ మంచం మీద లేచి కూర్చొని, తోడున్న రెబెక్కమ్మ ఇచ్చిన ఆసుపత్రి అన్నం రెండు ముద్దలు తిని పళ్ళెం పక్కకు నెట్టింది.

"ఈ చారులో ఉప్పే లేదక్కా. మనకు ఈడ వంటగది యాడుండాదో కనుక్కో."

రెబెక్కమ్మ కనుక్కోవడానికి లేచింది.