పెన్నలో జెనోవా తెరచాప

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. మొన్న జమ్మలమడుగులో ఉపన్యాసానికని బుట్టలాంటి పుట్టి పడవెక్కి పెన్న దాటబోయి, ఎక్కిన ఒడ్డుకే మళ్ళీ దిగాను. అదీ నిలువునా తడిసి!

తప్పంతా ఒక పొట్లానిది. అంతకు వారం ముందు ప్రొద్దుటూరులో వేయించిన శెనక్కాయలు కొంటే పాత ఇంగ్లీషు పత్రిక కాగితంలో కట్టిచ్చారు. తింటూ చదివాను. పడవ పందేల్లో 'జెనోవా' అనే తెరచాప ఉందట. ఇటలీలోని ఓడరేవు పట్నం పేరే దానికి పెట్టారు. పడవ ముందువైపు కట్టే తెరచాప మామూలుగా పడవ నడిమి స్తంభం దగ్గర ఆగిపోతుంది. ఇది స్తంభం దాటి వెనక్కి సాగుతుంది. గాలి ఎక్కువ పడుతుంది, పడవ పరుగెత్తుతుంది. బొమ్మ కూడా వేశారు. ఊరి పేరు పెట్టారు సరే, అంత గుడ్డ కూర్చుని కుట్టిందెవరో? చూద్దామంటే కాగితం అక్కడికి చిరిగిపోయింది. మిగతా సగం ఎవరి శెనక్కాయలకు పోయిందో!

మొన్న పులివెందుల బస్సు దారిలో రెండుసార్లు మొరాయించింది. ఏటి ఒడ్డుకు చేరేసరికి నాలుగు. అవతలి ఒడ్డున బడిలో సభ కూడా నాలుగింటికే. పంతులమ్మ కమలమ్మ ఇంటింటికీ తిరిగి, మొగుళ్ళను ఒప్పించి ముప్ఫై మంది ఆడవాళ్ళను పోగేసింది. "ఐదు దాటితే పొయ్యి ముట్టించల్లని లేచిపోతారక్కా" అని రెండు ఉత్తరాలు రాసింది.

తోటి ప్రయాణికులు ముందు పుట్టిలో దాటేశారు. మిగిలిన పుట్టిలో ఓబులమ్మ ఉంది. మొగుడికి జ్వరమని తనే తెడ్డు పట్టిందట.

"ఎంతసేపు పడుతుంది ఓబులమ్మా?"

"అరగంట. ఏరు శానా నిండుగా ఉండాది."

పడమటి గాలి హోరుమంటోంది. నా సంచిలో దుప్పటి, పుట్టిలో ఒక గడ. ఇంకేం కావాలి? నడి ఏట్లో దుప్పటి విప్పాను.

"ఏందిమా, ఆరేస్తాండావా?"

"తెరచాప. జెనోవా."

"యాడిదది?"

"ఇటలీది."

"దానికి మన ఏరు తెలుసునా?"

వినిపించుకుంటేనా! గడను కాళ్ళ మధ్య నిలబెట్టి, దుప్పటి ఒక అంచు దానికి కట్టి, రెండో అంచు బొమ్మలో లాగే వెనక్కి లాగాను. గాలి నిండింది. ఒక్క క్షణం నేను సముద్రాలు దాటాను.

తర్వాత పుట్టి తిరగలిలా తిరగడం మొదలెట్టింది.

"వదుల్మా దాన్ని!"

"ముందుకు తిప్పు ఓబులమ్మా!"

"గుండ్రంగా ఉండేదానికి ముందేది, ఎనకేది? నువ్వే చూపీ!"

ఇన్నేళ్ళ చదువులో ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. దుప్పటి వెళ్ళి ఓబులమ్మ ముఖానికి చుట్టుకుంది. ఆమె ఏమీ కనపడకుండానే తిట్టింది, ఏమీ కనపడకుండానే తెడ్డేసింది. చాలా దూరం కొట్టుకుపోయి ఇసుక దిబ్బకు గుద్దుకున్నాం. నేను నడుం లోతు నీళ్ళలో పడ్డాను. లేచి చూస్తే బయల్దేరిన ఒడ్డే!

రెండోసారి ఓబులమ్మ దాటించింది. నేను తడి దుప్పటి ఒళ్ళో పెట్టుకుని దొంగలా కూర్చున్నాను. బడికి చేరేసరికి ఐదుంపావు. ఆడవాళ్ళు అప్పటికే ఇళ్ళకు పోవడానికి లేచి నిలబడ్డారు. కమలమ్మకు ఏడుపొక్కటే తక్కువ. నేను నోరు తెరిచేలోపు, సంచి మోసుకొచ్చిన ఓబులమ్మ గడపలో నిలబడి, "కూచోండమ్మా, ఈమె చేసింది చెప్తా" అంది.

అందరూ కూర్చున్నారు. చేతులు తిప్పి చెప్పింది, ముఖానికి కొంగు కప్పుకుని మరీ చూపించింది. బడి కప్పెగిరిపోయేలా నవ్వులు. చివర్లో, "యాడిదైనా తెచ్చుకుందాం. మన పుట్టికి పనికొస్తాదా అని ముందు అడగల్ల గదా!" అంది. చీకటి పడేదాకా ఒక్కరూ కదల్లేదు. పొయ్యిలు ఎవరు ముట్టించారో మొగుళ్ళనే అడగాలి.

నాకిచ్చిన విషయం 'స్త్రీలు, శాస్త్రీయ దృష్టి'. కమలమ్మ మినిట్సు పుస్తకంలో రాసింది: "ఉపన్యాసం ఓబులమ్మ గారు. తడిసిన ఉదాహరణ, పులివెందుల నుంచి వచ్చిన అతిథి."