ముక్కు పోలిక

మా మేడ కింది గదిలో బట్టలు కుట్టే ఆవిడను అందరం టేపమ్మ అంటాం. కొలత టేపు ఆమె మెడలోంచి దిగగా చూసినవాళ్ళు లేరు. సందులోని పిల్లలందరి యూనిఫాంలూ ఆమె చేతివే. నోరు మాత్రం మంచిది కాదు. "చొక్కా బిగుతైతే నా తప్పా? పిల్లాడికి తిండి తగ్గించు" అని కన్నతల్లి మొహం మీదే అనేస్తుంది. ఆ మాటలు పడి, మళ్ళీ ఆమె దగ్గరికే వెళ్తాం. ఆమెకు పిల్లలు లేరు. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోయాడు. ఆ సంగతి ఆమె ఎత్తదు, మేమూ ఎత్తం.

పై వాటాలో ఆసుపత్రి నర్సు, ఆమె కూతురు ఉంటారు. ఒక్కచోట కుదురుగా నిలబడదు కనుక ఆ పిల్లకు పిచ్చుక అని పేరు పడింది. మా ఊరి యూనివర్సిటీవాళ్ళు ఏడాదికొక ఆదివారం గేట్లు బార్లా తెరిచి బడిపిల్లలనూ ఇంట్లోవాళ్ళనూ రమ్మంటారు. నర్సుకు ఆదివారాలు డ్యూటీ. "కాస్త తీసుకెళ్ళి తీసుకురా అక్కా" అని మొదటి ఏడు బతిమాలితే, టేపమ్మ సణుక్కుంటూనే చెప్పులేసుకుంది.

గేటు దగ్గర ఒక విద్యార్థిని "మీ పాపేనాండీ?" అంది. వెనక జనం తోసుకుంటున్నారు. కథంతా చెప్పే తీరిక ఎక్కడ? "ఊఁ" అంది టేపమ్మ. మరుసటి ఏడు తోపులాటేమీ లేదు. అయినా "అవునండీ, మా అమ్మాయే" అని నోరారా చెప్పింది. మొక్కల విభాగంలో పాఠాలు చెప్పే మేడమైతే పిచ్చుక గడ్డం పట్టుకుని, "ముక్కు అచ్చుగుద్దినట్టు మీదే" అని తేల్చేసింది. ఆ రోజు ఇంటికొచ్చి టేపమ్మ అద్దం ముందు చాలాసేపు నిలబడి ఉంటుందని నా అనుమానం. అప్పట్నుంచి ఆ ఆదివారం కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసేది. పైకి మాత్రం "మళ్ళీ ఈ పిల్లను వెంటేసుకుని తిరగాలి కాబోలు" అనేది.

ఈ ఏడు నర్సుకు సెలవు దొరికింది. మెట్లు దిగుతూనే ఆ మాట చెప్పింది. నేనప్పుడు జాకెట్టు కోసం అక్కడే ఉన్నాను.

"ఏటా నీ నెత్తిన రుద్దుతున్నాను. ఈసారి నేనే తీసుకెళ్తానక్కా."

"మంచిదేగా" అంది టేపమ్మ. మిషను తొక్కుతూనే ఉంది గాని సూది కింద గుడ్డ లేదు.

పిచ్చుక "పెద్దమ్మ రాకపోతే నేనూ రాను" అని మెట్ల మీద చతికిలబడింది. దాంతో ముగ్గురూ వెళ్ళారు. అక్కడ జరిగింది నాకు తర్వాత నర్సే చెప్పింది.

ఆ మేడం ఈ ఏడు సెలవులో ఉంటే బాగుండునని టేపమ్మ దారంతా మొక్కుకుందట. సెలవూ లేదు, పాడూ లేదు. ఆవిడ గుమ్మంలోనే ఎదురొచ్చి చేయి పట్టుకుంది. "రండి రండి! మీ అమ్మాయి ఎంత పొడుగైందండీ!" అని, నర్సు వైపు తిరిగి, "మీరు?" అంది.

పిచ్చుక అప్పటికే బల్ల దగ్గరికి పరిగెత్తి, మైక్రోస్కోపుకు కన్ను ఆనించి ఉల్లిపొర చూస్తోంది. తల ఎత్తలేదు. టేపమ్మ మొహంలో నెత్తుటి చుక్క లేదు. నర్సు ఆ మొహం ఒకసారి చూసి, "పిన్నినండీ" అంది.

"అనుకున్నాను. మీ పోలిక కూడా కాస్త ఉంది" అంది మేడం. కన్నతల్లికి కాస్త దక్కింది, అదీ దయతలిస్తే.

పిల్లను అక్కడే వదిలి ఇద్దరూ వరండాలోకి వచ్చారు. "ఏమనుకోకు చెల్లీ" అంది టేపమ్మ.

"అనుకున్నాను. కోపమొచ్చింది" అంది నర్సు. "నీ మీదో, నా డ్యూటీల మీదో నాకే తెలియడం లేదు. అది మొదటిసారి ఇక్కడికొచ్చి ఏం చూసిందో, ఏమడిగిందో నీకు తెలుసు. నాకు తెలియదు."

"మరి పిన్నినని ఎందుకన్నావ్?"

"నీ మొహం చూడలేక."

టేపమ్మ అరచేత్తో మొహం తుడుచుకుని గదిలోకి తిరిగి వెళ్ళింది. అంతమంది ఉండగానే మేడంతో, "ఆవిడే తల్లండీ. ఇన్నేళ్ళూ నేను అబద్ధమాడాను. నాకు పిల్లల్లేరు" అంది.

ఆ చివరి మాట ఆమె నోట ఎన్నడూ వినలేదంటుంది నర్సు. మేడం నాలుక కరుచుకుంది. "అయ్యో, నేనే ముందూ వెనకా చూడకుండా..." అని ఏదో అనబోయింది.

అప్పుడు పిచ్చుక తల ఎత్తింది. "అందరూ అడిగినప్పుడు నేనెప్పుడూ కాదనలేదుగా" అంది. పక్కకు జరిగి, "పెద్దమ్మా, నువ్వు చూడు" అని చోటిచ్చింది.

టేపమ్మ వంగి కన్ను ఆనించింది.

"కనిపిస్తోందా?"

"మసగ్గా ఉంది."

పిల్ల మర తిప్పింది. "ఇప్పుడో?"

"ఇంకా మసకే."

మేడం సాయం చేయబోతే నర్సు వద్దని చేయి పట్టి ఆపింది. పిచ్చుక ఓపిగ్గా ఇంకోవైపు తిప్పింది.

"ఆఁ, కనిపించిందమ్మా. బాగుంది" అంది టేపమ్మ. ఏడుస్తున్న సంగతి పిల్లకు తెలియకూడదని, వెనక జనం గొణుగుతున్నా చాలాసేపు తల ఎత్తలేదట.