ఆరబెట్టమంటే ఎండబెట్టాను

మొన్న పొద్దున బాల్కనీలో బకెట్లలో వేసుకున్న మిరపమొక్కలకు నీళ్ళు పోస్తుంటే, మా మనవరాలు నా ఫోను పట్టుకొచ్చి, కళ్ళజోడు దొరక్క నేను చదవకుండా వదిలేసిన సందేశాన్ని పెద్దగా చదవడం మొదలుపెట్టింది. మా ఊరి రైతుల గ్రూపులో ఎవరో పెట్టారట, వేసవి జాగ్రత్తలని. పదకొండు దాటాక పొలంలో ఉండవద్దు, మజ్జిగో ఉప్పు వేసిన గంజో తాగుతూ ఉండండి, గొడ్లను నీడన కట్టండి, మొక్కలకు పొద్దున్నే గానీ పొద్దు వాలాక గానీ నీళ్ళు పెట్టండి, మొదళ్ళలో గడ్డి పరవండి అంటూ చదువుకుపోతోంది. నేను ఆఁ ఆఁ అంటూనే నీళ్ళు పోస్తున్నాను. ఇవన్నీ మన తరం వాళ్ళకు ఒకరు చెప్పాలా? చివరి మాట దగ్గర మాత్రం చేతిలో చెంబు ఆగిపోయింది. మిరప విత్తనాన్ని నీడలో ఆరబెట్టండి, ఎండలో పెట్టవద్దు, అని ఉంది. పిల్ల ఫోను నా చేతికిచ్చి టీవీ ముందుకు వెళ్ళిపోయింది. నేను ఈ మంగళగిరి మూడో అంతస్తులో నిలబడే, నేను కొత్తకోడలిగా ఉన్నప్పటి ఒక రోహిణి కార్తెలోకి వెళ్ళిపోయాను.

మా పుట్టిల్లు పెదకాకాని దగ్గర. మాగాణి వాళ్ళం, వరి తప్ప మరో పంట ఎరగం. మా అమ్మ విత్తనపు వడ్లను మంచి ఎండ చూసి కళ్ళంలో పోయించేది, పంటికింద పటుక్కుమనేదాకా ఎండితే గాని గాదెకు ఎక్కనిచ్చేది కాదు. ఆరబెట్టడం అన్నా ఎండబెట్టడం అన్నా మాకు ఒకటే మాట. అలాంటి నన్ను రెండు బస్సులు మారి వెళ్ళే నల్లరేగడి ఊరికి, మిరప, పత్తి తప్ప వరిగడ్డి మొహం చూడని ఇంటికి ఇచ్చారు. పెళ్ళయిన మొదటి వేసవి నిజంగా ఏడిపించింది. ఆ నేల నెర్రెలు విచ్చి చెయ్యి పట్టేంత సందులు పడేది, గాలి వీస్తే పొయ్యిలోంచి ఊదినట్టు ఉండేది.

కానీ ఆ ఇంట్లో వేసవికి ఒక పద్ధతి ఉండేది, అది చెప్పకపోతే మా అత్తగారికి అన్యాయం చేసినట్టే. తెల్లవారకముందే లేచి పనులన్నీ కానిచ్చి, పొద్దెక్కేసరికి కిటికీలకు తడిపిన గోనెపట్టాలు కట్టేవారు. ఎవరు గడప దాటినా ముందు చద్దన్నంలో మజ్జిగ కలిపి, ఉల్లిపాయ నలిపి వేసి తినిపించి గాని పంపేవారు కాదు, పోస్టుమానుకైనా అదే మర్యాద. దొడ్లో నిమ్మచెట్టు మొదట్లో అడుగున చిల్లు పెట్టిన పాతకుండ పాతి, చిల్లులో గుడ్డవత్తి దోపి, రెండు రోజులకోసారి నింపేవారు. ఇప్పుడు పైపులు వేసి చుక్క చుక్క అంటున్నారు గాని, ఆవిడ ఆ చుక్కల మీదే చెట్టును కాయించారు. పిచ్చికల మూకుడు ఎండిపోతే నాకు చివాట్లు పడేవి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు గాని మా ఇంటి నిమ్మచెట్టు ఆకు వాడేది కాదు.

అన్నిటికంటే ఆవిడకు ప్రాణం మిరప విత్తనం. అది ఆవిడ అత్తగారి నాటినుంచి వస్తున్నది. చేలో బలంగా ఉన్న చెట్లకు ఎర్రదారం కట్టి, ఆ కాయలు విడిగా కోయించి, విడిగా గింజ తీసి, బూడిద కలిపి కుండలో పోసేవారు. కొనే గింజ మా మామగారు ఎరగరు. ఆ కుండలో గింజే నారుమడి, ఆ నారే చేను, ఆ చేనే ఇల్లు. బంధువులు అడిగితే ఇంత పొట్లం కట్టి ఇచ్చేవారు, కానీ కుండలో చెయ్యి మాత్రం ఆవిడదే.

ఆ ఏడు, ఆవకాయలు పెట్టడం అయిపోయాక, తమ్ముడికి బాగాలేదని కబురొస్తే ఆవిడ ప్రయాణం కట్టారు. అప్పుడే తీసిన గింజ చేటల్లో పచ్చిగా ఉంది. బస్సుకు వేళవుతుంటే చెంగు సర్దుకుంటూ, "అమ్మాయ్, గింజ జాగ్రత్తగా ఆరబెట్టు. బాగా ఆరాక కుండలో పొయ్యి. నీ చేతిలో పెట్టి పోతన్నా," అన్నారు. కొత్తకోడలి చేతికి విత్తనం! నాకెంత గర్వమో చెప్పలేను. ఆవిడ వీధి మలుపు తిరగగానే చేటలు తెచ్చి, ముంగిట్లో నాపరాళ్ళ మీద, కాలు మోపితే బొబ్బలెక్కే చోట, గింజంతా పలచగా పరిచాను. మామగారూ మా వారూ తెల్లవారుజామునే వేసవి దుక్కికి పోయి, పొద్దెక్కాక పెరటి దారిన వచ్చేవారు, ముంగిలి చూసే పనే లేదు. మూడు రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా అలా కాచి కాచి, మా అమ్మ చెప్పినట్టు పంటికింద వేసి చూసుకుని, మురిసిపోయి కుండలో పోశాను.

నాలుగో రోజు ఆవిడ వచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా కుండ మూత తీశారు. గింజ అరచేతిలో పోసుకుని వెలుతురుకు పట్టి చూశారు, ఎక్కడ ఆరబెట్టావని అడిగారు. నేను ముంగిలి చూపించి మంచి ఎండ తగిలిందని చెప్పాను. ఆవిడ మెట్టు మీద కూలబడ్డారు.

"ఆరబెట్టమన్నాను గదమ్మా, ఎండబెట్టమన్నానా?"

ఆ రెండు మాటలకూ తేడా ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. ఎండబెట్టడం ఎండ పని, ఆరబెట్టడం గాలి పని. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం! ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. ఎన్ని మొలుస్తాయో చూద్దామని వంద గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో మూటకట్టి, వంటింట్లో గంజికుండ పక్కన పెట్టారు. రోజూ రెండు పూటలా గుడ్డ తడిపేవారు. ఆ పది రోజులూ నేను అన్నం ఎలా తిన్నానో నాకే తెలియదు. మామగారిది పెద్ద గొంతు, ఆయన ఏరా అని ఎద్దును పిలిచినా నేను తలుపు చాటుకు పోయేదాన్ని. నారు పోసే వేళకు గింజ లేదంటే ఆయన నన్ను ఏం చేస్తారో కాదు, ఆవిడ మొహం ఎలా చూస్తానన్నదే నా బాధ.

పదో రోజున మూట విప్పితే పదకొండు మొలిచాయి. మిగిలినవి ఉబ్బి కుళ్ళిపోయాయి. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ నా నోటికి చెంగు అడ్డం పెట్టి, "ఊరుకో పిల్లా, ఆయన వింటాడు," అని, అటక మీదకు నిచ్చెన వేయమన్నారు. ఏడాది పొడుగునా వాడుకునే కారానికని దాచిన కాయలు రెండు గంపలు ఉన్నాయి అక్కడ. ఆ ఎర్రదారం చెట్ల కాయలే, గింజకు తీయగా మిగిలినవి, పొట్టలోనే గింజ దాచుకుని అటక నీడలో పడి ఉన్నాయి.

మధ్యాహ్నాలు గది తలుపులు వేసుకుని ఇద్దరం ఒక్కొక్క కాయా చీల్చి గింజ తీశాం. ఆ ఘాటు ఎలాంటిదో మిరప ఇళ్ళ వాళ్ళకు చెప్పక్కర్లేదు. చేతులకు ఆముదం రాసుకున్నా నిప్పుల్లో పెట్టినట్టే, కళ్ళూ ముక్కూ ఏకధార. వసారాలో నులకమంచం మీద నడుం వాల్చిన మామగారికి మా తుమ్ములు వినపడేవి.

"ఏమే, ఏంటా తుమ్ములు?"

"జలుబండీ!"

"ఈ ఎండల్లో జలుబేంటే నీ మొహం!"

మేమిద్దరం చెంగులు నోట్లో కుక్కుకుని నవ్వాం. అత్తాకోడళ్ళం మొదటిసారి కలిసి నవ్వింది ఆ రోజే. అంతకు ముందు ఆవిడంటే నాకు భయం, ఆ గదిలోంచి బయటికి వచ్చేటప్పటికి భయం పోయింది.

ఆ గింజను వసారా గాలికి గుడ్డ మీద ఆరబెట్టి మళ్ళీ మూట కట్టి చూస్తే సగానికి పైగా మొలిచింది. నారు ఒత్తుగా పోస్తే సరిపోతుందన్నారు ఆవిడ. ఖాళీ అయిన కాయల తొక్కులతోనే ఆ ఏటి కారం కొట్టించి, రంగు కోసం గింజ తీయించానని ఊరంతా చెప్పుకొచ్చారు. ఇంతలో ఆషాఢం వచ్చి నేను పుట్టింటికి వెళ్ళాను. అక్కడ ఉన్నానన్న మాటే గాని మనసంతా ఆ నారుమడి మీదే. ఒకరోజు మా వారి చేతిరాతతో కార్డు వచ్చింది. అమ్మ నీకు రాయమంది, నారు ఒత్తుగా వచ్చింది, దిగులు పెట్టుకోవద్దంది, నీకు నారు దిగులేమిటో నాకు అర్థం కాలేదు అని రాశారు. ఆ కార్డు చాలా ఏళ్ళు నా పెట్టెలో ఉంది.

మామగారికి చెప్పాల్సిన అవసరం రాలేదు. మరుసటి ఏడు గింజ తీసే వేళకు ఆయనే చేట తెచ్చి నా ముందు పెట్టి, ఈసారి కూడా నువ్వే ఆరబెట్టమ్మా అన్నారు. అందులో వెటకారం ఉందని నాకు అప్పట్లో తట్టలేదు. అత్తగారు పోయిన సంవత్సరం, భోజనం చేస్తూ చేస్తూ ఆయన ఉన్నట్టుండి, "గింజ తీసిన కారం రంగు నాకు తెలవదనుకున్నారా మీరిద్దరూ?" అని, తల వంచుకుని అన్నం కలుపుకున్నారు. కంట్లో నీళ్ళు కారానికి వచ్చినవి కావు.

తర్వాత పొట్లాల విత్తనం వచ్చింది. రంగుమందు పట్టించి, డబ్బాల్లో పెట్టి అమ్మేవాళ్ళు. తెగుళ్ళు తక్కువ, కాపు ఎక్కువ. మా అబ్బాయి అది వేశాడు, తప్పని నేను అనను, నేనే పక్కన నిలబడి నారు పోయించాను. మొదటి ఏడు సగం చేను మనదీ సగం పొట్లానిదీ. తర్వాత రెండు సాళ్ళు మనవి. తర్వాత, వచ్చే ఏడు వేద్దాంలే అనుకున్నాం. విత్తనపు కుండ అటకెక్కింది. పొలం కౌలుకిచ్చి ఇక్కడికి వచ్చే ముందు ఇల్లు సర్దుతుంటే మళ్ళీ కనపడింది. మూతకు కట్టిన గుడ్డ, లోపల బూడిద, అన్నీ నేను పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. వంద గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో మూట కట్టాను. పది రోజులు చూశాను. ఆవిడ ఉంటే ఇంకో నాలుగు రోజులు చూడమనేవారని, ఆ నాలుగు రోజులూ చూశాను.

ఇప్పుడు బకెట్లలో ఉన్నవి కొన్న మొక్కలు. వాటికీ మొదట్లో గడ్డి పరుస్తాను, చిల్లుకుండ బదులు చిల్లుసీసా పెడతాను. ఆ సాయంత్రం మనవరాలు పండిన కాయ ఒకటి కోసుకొచ్చి, నీడలో పెడితే దీని గింజలు పోకుండా ఉంటాయా నానమ్మా అని అడిగింది. ఉంటాయనబోయి ఆగాను. రోహిణి ఎండలో మూడు రోజులు మాడ్చినా మా అత్తగారి గింజలు వందకు పదకొండు మొలిచాయి. మా అటక నీడలో, కుండలో ఏళ్ళ తరబడి చల్లగా దాచినవి ఒక్కటీ మొలవలేదు.