నన్నూ ఔట్ చెయ్యండి

నేను బడిలో ఆయాని. ముక్కులు తుడవడం, తప్పిపోయిన చెప్పులు వెతికిపెట్టడం, ఆటల గంటలో కాపలా కాయడం నా పని. ఆయన పోయాక తమ్ముడింట్లో ఉంటున్నాను. ఎలా ఉన్నావని ఎవరైనా అడిగితే బాగానే ఉన్నానంటాను. అబద్ధమేం కాదు. ఏడుపూ రాదు, నవ్వూ రాదు. ఒళ్లంతా తిమ్మిరెక్కినట్టు ఉంటుంది, అంతే.

తమ్ముడూ మరదలూ మంచివాళ్లు, ఆ మాట చెప్పాలి. నన్ను పల్లెత్తు మాట అనరు. కూర మాడ్చినా, పాలు పొంగబెట్టినా "పోనీలే వదినా" అంటుంది మరదలు.

ఈ ఏడు చిన్న తరగతిలో ఒక పిల్ల చేరింది. సోడాబుడ్డి కళ్లద్దాలు. పరుగెత్తితే దాని కాళ్లకు దాని కాళ్లే అడ్డం. ఎవరూ ఆటకు రానివ్వక జారుడుబల్ల కింద కూచుని మట్టి గీరుకునేది. "అందరినీ కలుపుకుని ఆడేలా చూడమ్మా" అని చెప్పి టీచరమ్మ చక్కా పోయింది. చెప్పడానికేం! నేను పిల్లమూకను పిలిచి, "దీన్ని ఆటలో అరటిపండుగా చేర్చుకోండర్రా" అన్నాను. అంటే పరుగెత్తొచ్చు, కేకలు పెట్టొచ్చు. ముట్టుకున్నా ఔట్ కాదు, దొంగ అవ్వక్కర్లేదు. సరేనన్నారు. పీడా పోయిందనుకున్నాను.

కొన్నాళ్లకు ఆ పిల్ల వచ్చి నా కొంగు పట్టుకుని లాగింది.

"ఆయమ్మా, నన్నూ ఔట్ చెయ్యమని చెప్పు."

"ఎందుకే తల్లీ, హాయిగా పరిగెత్తక?"

"నేను దొంగ ముందే నిలబడ్డా. నన్ను ముట్టుకోకుండా పోయాడు."

ఏడవలేదు. ఉత్త మొహం పెట్టుకుని చెప్పింది. ఆ మొహం నేను ఎరుగుదును. ఎక్కడో చురుక్కుమంది.

అందరినీ పిలిచాను. "ఇవాళ్టి నుంచి అరటిపండూ లేదు, తొక్కా లేదు. దీన్ని కూడా ఔట్ చెయ్యండి."

"పాపం కదా ఆయమ్మా, ఏడుస్తుంది" అంది ఒక రెండు జడల పిల్ల.

"ఏడిస్తే ఏడవనీ. ముక్కు తుడవడానికి నేను లేనూ?"

కళ్లద్దాల పిల్ల మొదటి పరుగులోనే దొరికిపోయింది. దొంగయింది. రొప్పుకుంటూ తిరిగింది, ఒక్కరూ చిక్కలేదు. బోర్లా పడింది, ఏడ్చింది. ఇక చాల్లే అంటే నా చెయ్యి విదిలించుకుని మళ్లీ పరుగు. ఆఖరికి ఒకడి చొక్కా దొరకబుచ్చుకుని "ఔట్! నువ్వు ఔట్!" అని గొంతు చించుకుంది. వాడు కాదన్నాడు. అది అవునంది. ఇద్దరూ కాకుల్లా పోట్లాడుకున్నారు. నేను విడదీయలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి నా మంచం హాల్లో ఉంది. తమ్ముడి కొడుకు చదువుకు నేనుండే గది కావాలని వాళ్లిద్దరూ అనుకున్నారట.

"నీకేం వదినా, ఎక్కడైనా సర్దుకుంటావు" అంది మరదలు నవ్వుతూ.

ఎప్పటిలా ఊఁ అనబోయాను. నోరు రాలేదు.

"నన్ను ఒక్క మాట అడగలేదేం?"

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

"అడగడానికేముందక్కా ఇందులో?" అన్నాడు తమ్ముడు.

"ఏముందో అడిగితే చెప్పేదాన్ని. నేను ఈ ఇంట్లో మనిషినా, సామాన్నా?"

వాడికి చిర్రెత్తుకొచ్చింది. "ఇల్లు ఇరుకు, మేమేం చెయ్యాలి మరి? ఏం చెప్పినా మూగదానిలా ఊఁ తప్ప ఇంకో మాట ఉండదు నీకు. ఇవాళేంటి కొత్తగా?" అని అరిచాడు.

ఆయన పోయాక నా మీద ఎవరైనా అరవడం అదే మొదలు. చెవులు వేడెక్కాయి.

నేనూ అరిచాను.